చెరకు వంగడాల అభివృద్ధి (అనకాపల్లి)

చెరకు జన్యు లక్షణాలను మార్చి, ఎక్కువ దిగుబడినీ తీపినీ ఇచ్చి తెగుళ్లకు తట్టుకునే కొత్త రకాలను రాబట్టే శాస్త్రం. తెలుగునాట దీనికి ముఖ్య కేంద్రం అనకాపల్లి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఈ పట్టణంలో చెరకు పరిశోధన స్థానం 1913లో ఏర్పడింది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంగా పనిచేస్తోంది.

చెరకును గింజతో కాక ముచ్చెలతో నాటుతారు. రెండు మూడు కళ్లున్న గడ ముక్కే ముచ్చె. దాని నుంచి లేచే పిలకలో తల్లి గడలోని జన్యువులే యథాతథంగా ఉంటాయి. శాస్త్ర పరిభాషలో దీన్ని క్లోన్ అంటారు. గడలు నరికాక మోళ్ల నుంచి వచ్చే కార్శి తోట కూడా అంతే. మంచి రకం దొరికితే దాని గుణం చెదరకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒక తెగులుకు లొంగే రకమైతే మాత్రం పొలమంతా, ఒక్కోసారి ప్రాంతమంతా లొంగిపోతుంది.

న్యూగినీ ప్రాంతంలో పుట్టిన లావు చెరకు మన దేశానికి చేరి, వందల ఏళ్లపాటు రైతుల చేతుల్లో ముచ్చె నుంచి ముచ్చెకు సాగింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గోదావరి డెల్టా తోటలను ఎర్రకుళ్లు తెగులు దెబ్బతీసింది. ఇది శిలీంధ్రం వల్ల వస్తుంది. తెగులు సోకిన గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య అడ్డంగా తెల్లని మచ్చలతో కనిపిస్తుంది. పులిసిన వాసన వేస్తుంది. దీన్ని ఎదుర్కోవడానికి మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ చొరవతో 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం వెలిసింది. తట్టుకునే రకాలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి నాటి చూడడమే అప్పటికి చేయగలిగింది.

చెరకు గింజ మొలకెత్తుతుందని 1880లలో జావాలోనూ బార్బడోస్‌లోనూ రుజువయింది. నూగుతో ఉండే ఆ గింజ కంటికి ఆనీ ఆననంత చిన్నది. అయితే లైంగిక పునరుత్పత్తి వల్ల ఒకే పూతలోని గింజల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. వంగడాల అభివృద్ధికి కావలసింది సరిగ్గా ఆ వైవిధ్యమే. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం మొదలైంది. అక్కడ చెరకు బాగా పూస్తుంది. బార్బర్ దగ్గర పనిచేసి, ఆ తర్వాత కేంద్రానికి సారథ్యం వహించిన టి.ఎస్. వెంకటరామన్ తోడుగా సాహసోపేతమైన సంకరం ఒకటి జరిగింది. తీపి గల వెల్లై అనే లావు చెరకును ఏటి ఒడ్డున పెరిగే అడవి రెల్లుతో కలిపారు. రెల్లులో తీపి లేదు గానీ మొండితనం ఉంది. 1918లో విడుదలైన కో 205 ఆ కలయిక ఫలితమే. ఉత్తర భారతపు సన్న చెరకుల స్థానాన్ని అది ఆక్రమించింది. జావా రకం పీఓజే 2878ను కో 290తో సంకరం చేయగా వచ్చిన కో 419 దక్షిణాది తోటల్లో దశాబ్దాలపాటు రాజ్యమేలింది. ఆంధ్ర తోటలకూ అది ఎంతో మేలు చేసింది.

ఈ సంకరాల్లో ఒక విచిత్రం ఉంది. లావు చెరకు కణంలో 80 క్రోమోజోములు. రెల్లుతో సంకరం చేసినప్పుడు తల్లి చెరకు తన క్రోమోజోముల్లో సగం కాక మొత్తం 80నీ సంతానానికి ఇస్తుంది. అందుకే నేటి రకాల్లో క్రోమోజోములు 100 నుంచి 130 దాకా ఉంటాయి. మెండెల్ బఠాణీ లెక్కలు ఇక్కడ అంత సూటిగా పనిచేయవు.

అనకాపల్లి రకాల పేర్లలో వాటి పుట్టుక దాగి ఉంటుంది. 87ఎ298 అన్న పేరులో 87 సంవత్సరం, 'ఎ' అనకాపల్లి, 298 మొక్క సంఖ్య. అక్షరం 'వి' అయితే అది ఉయ్యూరు రకం. 87ఎ298కు విశ్వామిత్ర అనీ, 93ఎ145కు శారద అనీ పేర్లు పెట్టారు. పట్టణం పక్కన పారే నది పేరు కూడా శారదే. ఒక్కో రకం వెనుక వేల మొలకలను ఏటికేడు వడపోసే ఓర్పు ఉంది. మొలక దశ నుంచి విడుదలకు పదేళ్లకు పైగా పడుతుంది. ఉత్తరాంధ్రలో విశ్వామిత్ర విరివిగా సాగయింది.

కణజాల వర్ధనం చెరకులో 1960లలో హవాయిలో రూపుదిద్దుకుంది. మొవ్వు కొనలోని విభాజ్య కణజాలాన్ని సూక్ష్మక్రిములు లేని పోషక మాధ్యమంలో పెంచితే కొద్ది కాలంలోనే వేల పిలకలు వస్తాయి. వైరస్ సాధారణంగా ఆ కొనదాకా చేరదు కాబట్టి ఆరోగ్యమైన విత్తనం దొరుకుతుంది. దీనికి ముందు నుంచీ ఉన్న పద్ధతి ముచ్చెలను 52 డిగ్రీల వేడి నీటిలో అరగంట ఉంచడం. అది ఇప్పటికీ పనికొస్తోంది. ఈ రెండూ జన్యువులను మార్చవు.

జన్యు ఇంజనీరింగ్ అంటే ఒక జీవి డీఎన్‌ఏలోని జన్యువును ఎంజైములతో కత్తిరించి మరో జీవిలో చేర్చడం. ఇది 1973లో బాక్టీరియాలతో మొదలైంది. చెరకు విషయానికొస్తే, డీఎన్‌ఏ పూసిన సూక్ష్మ లోహ కణాలను కణజాలంలోకి దూసుకుపోయేలా చేసి 1992లో ఆస్ట్రేలియాలో తొలి జన్యుమార్పిడి మొక్కను పొందారు. బ్రెజిల్ 2017లో కాండం తొలిచే పురుగును తట్టుకునే బీటీ చెరకుకు అనుమతినిచ్చింది. భారత్‌లో ఇలాంటి చెరకుకు వాణిజ్య అనుమతి లేదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిని మాత్రం తెలుగు రైతులు విస్తారంగా వేశారు.

పరాయి జన్యువు చేర్చకుండా, ఉన్న జన్యువునే సవరించే పద్ధతిని జన్యు సవరణ అంటారు. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో ఈ పద్ధతితో చేసిన కమల అనే వరిని 2025 మేలో ప్రకటించారు. చెరకులో ఇదే పని చాలా కష్టం. వరిలో ప్రతి జన్యువుకూ సాధారణంగా రెండు నకళ్లుంటే, చెరకులో పది దాకా ఉండవచ్చు; ఒకటి రెండింటిని సవరించినా మిగిలినవి తమ పని తాము చేసుకుపోతాయి. ఆర్ 570 అనే రకపు జన్యుపటం 2024లో వెలువడ్డాక ఏ నకలు ఎక్కడుందో వెతకడం కొంత సులువైంది.