మాతీసు తొలినాఁటి చిత్రము ‘లా దెసెర్త్’

నవ్యచిత్రకారులు పూర్వుల మార్గము నెఱుఁగకయే దానిని ద్రోచివైచిరను మాట పండితగోష్ఠులలోఁ దఱచుగా వినఁబడును. ఈ యాక్షేపమున నిజమెంతయో తెలిసికొనుటకు ఫ్రెంచి చిత్రకారుఁడగు ఆన్రీ మాతీసు (1869–1954) 1896–97 సంవత్సరములలో రచించిన ‘లా దెసెర్త్’ అను చిత్రము మిక్కిలి యనువైన నిదర్శనము. భోజనపుబల్లపైనుండి పాత్రలను దీయుట యను నర్థముగల ధాతువునుండి యీ శబ్దము పుట్టినది. భోజనాంతమునఁ దిను ఫలాదులకుఁ బేరైన ‘డెసర్టు’ శబ్దమునకును నదియే మూలము.

మాతీసు మొదట న్యాయశాస్త్రము చదివినవాఁడు. ఇరువదియేండ్ల ప్రాయమునఁ బ్రేగువ్యాధిచే మంచము పట్టినపుడు, ప్రొద్దుపుచ్చుటకై తల్లి తెచ్చియిచ్చిన రంగులపెట్టెయే యాతని జీవితమార్గమును మార్చెను. 1891లో పారిసు నగరము చేరి, పిదప గుస్తావ్ మొరో అను నాచార్యునకు శిష్యుఁడయ్యెను. శిష్యులను లూవ్రు చిత్రశాలకుఁ బంపి పూర్వుల పటములకుఁ బ్రతికృతులు వ్రాయించుట మొరో బోధనలో ముఖ్యాంశము. ఆ విధముగా 1893లో మాతీసు, యాన్ దావిద్స్ దె హేమ్ అను డచ్చి చిత్రకారుఁడు 1640లో రచించిన పటమునకుఁ బ్రతికృతి సిద్ధము చేసెను. ఆ పటమునకును ‘లా దెసెర్త్’ అనియే పేరు. అందు వస్త్రము పఱచిన బల్లపై ఫలములు, లోహపాత్రలు, గాజుపాత్రలు రాశిగా నున్నవి. ప్రక్కన నొక వీణాజాతి వాద్యము గలదు.

మూఁడేండ్లకు అదే పేరుతో మాతీసు స్వంతపటమును మొదలిడెను. అప్పటి యాతని స్థితిని గమనింపవలెను. 1896లో ‘సోసియేతె నాస్యొనాల్ దే బోజార్’ అను సంఘమువారి ప్రదర్శనమున నాతని పటములు మెప్పు వడసెను. ‘చదువుచున్న స్త్రీ’ యను దానిని బ్రభుత్వము కొనెను. సంఘమున సహసభ్యత్వమును లభించెను. ఆ పటములలోని బూడిదవన్నె, గోధుమవన్నెల మసకదనమును విడువకున్నచో జీవనము సుఖముగా సాగెడిదే. అట్టి సమయమున మొరో ప్రోత్సాహముచే నాతఁడు పెద్దపటమునకుఁ గడంగెను. అది సుమారు 100 సెంటీమీటర్ల యెత్తు, 131 సెంటీమీటర్ల వెడల్పు గలది.

ఇందలి దృశ్యము సామాన్యమైన గృహాంతర్భాగము. తెల్లని వస్త్రము పఱచిన పెద్దబల్ల. దానిపై గాజుకూజాలు, పానపాత్రలు, ఎత్తైన పళ్లెములలో నమర్చిన ఫలములు. ఆవలివైపున వంగి పూలగుత్తిని సవరించుచున్న పరిచారిక. విషయమంతయుఁ బాఁతదే, క్రొత్తదనము రెండు చోట్లఁ గలదు. చూచువాని దృష్టి పైనుండి క్రిందికిఁ బాఱుటచే బల్ల మనవైపునకు వాలి వచ్చుచున్నట్లు తోఁచును. పటపుటంచు దానిని నడుమనే ఖండించినది. రెండవది వర్ణము. వస్త్రపుఁ దెలుపున నితరవర్ణముల చాయలు కలసియున్నవి. నీడయు నొక రంగేకాని నలుపు గాదు. 1896, 1897 వేసవులలో బ్రిటనీ తీరమందలి బెల్‌-ఈల్ ద్వీపమున, ఆస్ట్రేలియా చిత్రకారుఁడు జాన్ పీటర్ రస్సెలు సాంగత్యమువలన, మోనె మొదలగువారి వర్ణమార్గ మాతనికిఁ బరిచితమయ్యెను.

1897 నాఁటి ప్రదర్శనమున నీ పటమునకు మన్నన దొరకలేదు. సూక్ష్మక్రిముల భయము ప్రబలియున్న దినములవి; కూజాల యడుగునఁ గ్రిములున్నవని జనులు పరిహసించిరని మాతీసే పిమ్మటఁ జెప్పుకొనెను. మొరో మాత్రము శిష్యుని పక్షము వహించి, ఆ కూజాలు బల్లపై గట్టిగా నిలిచియున్నవనియు, వాని మూఁతలకుఁ దన టోపీని దగిలింపవచ్చుననియు వాదించెను. మన చిత్రశాస్త్రపరిభాషలోఁ జెప్పవలెనన్న, షడంగములలోఁ బ్రమాణసాదృశ్యములు చెడలేదనియు, మాఱినది వర్ణికాభంగమే యనియు నాతని వాదమునకుఁ దాత్పర్యము.

ఈ విషయమును మాతీసు మఱి రెండుమాఱులు చేపట్టెను. 1908లో మాస్కో వర్తకుఁడు సెర్గీ ష్చూకిన్ భోజనశాలకై రచించిన పటమున బల్లయు నున్నది, పరిచారికయు నున్నది. కాని మొదట నీలముగా నున్న దానిని ఎఱుపుతో నింపఁగా బల్లవస్త్రమును గోడయు నేకమయ్యెను. ‘ఎఱుపు సామరస్యము’ అను నా పటము సెయింట్ పీటర్స్‌బర్గునందలి హెర్మిటేజి చిత్రశాలలో నున్నది. 1915లోఁ దన 1893 నాఁటి ప్రతికృతి నాధారముగాఁ గొని, దె హేమ్ పటమును రేఖాగణితరూపములతో మఱల వ్రాసెను. అది న్యూయార్కు ఆధునిక కళాశాలలోఁ గలదు.

వ్యాకరణాధ్యేతల కీ క్రమము క్రొత్త గాదు. మొదట సూత్రపాఠము; తరువాత నుదాహరణములతోఁ గూడిన వృత్తి; ఆ పిదపనే ఉక్తానుక్తదురుక్తములను జర్చించు వార్తికము. 1893 నాఁటి ప్రతికృతి పాఠము, 1897 నాఁటి పటము వృత్తి, తక్కిన రెండును వార్తికములు. పాణినిని విమర్శించినంతనే కాత్యాయనుఁడు పాణినీయమునకు వెలి యగునా?

ఎఱుపు పటమున దూరసామీప్యభేదమే నశించినదిగదా, అది లోపము గాదా యని యడుగవచ్చును. లోపమే, కాని శాస్త్రమున లోపమనఁగాఁ బ్రసక్తమైన దానియొక్క యదర్శనము. స్థానమును, స్థానియు నెఱిఁగినవాఁడే లోపమును విధింపఁగలఁడు. గాజునందలి వెలుఁగును, బల్లలోతును మాతీసు ఎఱిఁగియుండెనని 1897 నాఁటి పటము సాక్ష్యమిచ్చుచున్నది. కావున నవ్యులందఱు నజ్ఞులను నాక్షేప మీతనియెడఁ జెల్లదు. ప్రతికృతులు వ్రాయించిన మొరోయే శిష్యుఁడు దారి మార్చినపు డాతనిని సమర్థించెను. బోధకులు ముఖ్యముగాఁ దలఁపవలసిన దీ యంశము.