బోర్డు మీద లేని అంకె

ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళిన మొదటి చలికాలం, పరీక్షలు అయిపోయిన రాత్రి, సీనియర్ అన్నలు నన్నొక బార్‌కి తీసుకెళ్ళారు. లోపల గోడంతా నల్లబోర్డు. దానిమీద రంగు సుద్దలతో ఇరవై పైచిలుకు బీర్ల పేర్లు. ఒక్కోదాని పక్కన అది ఏ ఊళ్ళో తయారైంది, ఆల్కహాలు ఎంత శాతం, చేదు ఎంత, ఎలాంటి గ్లాసులో పోస్తారు, అన్నీ ఓపిగ్గా రాశారు. ధర మాత్రం రాయలేదు. పలకడానికి తేలిగ్గా ఉందని నేనొక బెల్జియం పేరు చెప్పాను. తులిప్ పువ్వులాంటి చిన్న గ్లాసు వచ్చింది. బిల్లు వచ్చాక చూస్తే అది 11 డాలర్లు. అప్పట్లో నేను క్యాంపస్ మెస్సులో అంట్లు కడిగేవాణ్ణి, గంటకి 8 డాలర్లు. టిప్పుతో కలిపి ఆ గ్లాసు ఖరీదు గంటన్నర పైన అంట్లు.

‘ఎంత?’ అని అడిగి ఉండొచ్చు. అడగొద్దని ఎవరూ అనలేదు. కానీ పక్కన నలుగురు అన్నలు, ఎదురుగా అలవాటుగా నవ్వే బార్‌టెండరు, వెనక క్యూ. ఆ క్షణంలో ధర అడగడమంటే నా జేబు తీసి కౌంటరు మీద పెట్టినట్టే అనిపించింది. ఆ బోర్డు రాసినవాళ్ళు దీన్ని కావాలనే చేశారా, లేక సుద్ద అయిపోయిందా అన్న అనుమానం అప్పట్నుంచీ ఉండిపోయింది. నేను చరిత్రకారుణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఈ అనుమానం పట్టుకుని వారాంతాల్లో చదువుతూ పోతే, బీరు ధరని దాచడం కంటే బీరు ధరని చాటడమే పాత సంగతని తెలిసింది.

ఎంత పాత అంటే హమ్మురాబి అంత. ఆయన శాసనస్తంభం 1901-02లో ఇరాన్‌లోని సూసా తవ్వకాల్లో దొరికింది. రెండు మీటర్లు దాటిన నల్లరాయి, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సుమారు 3,750 ఏళ్ళ కిందటి ఆ రాతిలో బీరు దుకాణాల గురించి నాలుగు నియమాలున్నాయి. 108వ నియమం దుకాణం నడిపే ఆడమనిషి గురించి. బీరుకి బదులు గింజలు ఇస్తానంటే తీసుకోకుండా పెద్ద తూకంతో వెండి పుచ్చుకున్నా, గింజల ధరతో పోలిస్తే బీరు తక్కువ పోసినా, నేరం రుజువు చేసి ఆమెని నీళ్ళలో పడెయ్యాలి. 111వది అప్పు గురించి: ఒక కుండ బీరు అరువిస్తే పంటలప్పుడు 50 ఖాల గింజలు తీసుకోవచ్చు. ఖా అంటే దాదాపు మన లీటరు. అన్యాయం జరిగిందనుకున్నవాడు వచ్చి ఈ రాయి ముందు నిలబడి చదివించుకోవాలని రాజు చివర్లో చెప్పుకున్నాడు. చదువొచ్చినవాళ్ళు ఎందరుంటారు అన్నది వేరే మాట. కుండ బీరుకి ఎంత గింజ అన్నది ఊరందరి ఎదుటా నిలబెట్టిన రాతిమీద ఉంది, దుకాణందారు నోట్లో కాదు.

ఇది చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఊళ్ళో తాళ్ళకింద కల్లుకి కూర్చున్నప్పుడు గౌడన్నని ఆయన ‘ఎంత?’ అని అడగ్గా నేనెప్పుడూ చూళ్ళేదు. బోర్డూ లేదు. పూర్వం పంట మీద వడ్లు కొలిచేవాళ్ళమని చెప్పేవాడు. అక్కడ ధర రాయకపోవడానికి కారణం, అది తెలియనివాడు ఊళ్ళో లేకపోవడం. నేను కూర్చున్న బార్‌లో రాయకపోవడానికి కారణం, అది తెలిసినవాడు కౌంటరుకి ఇవతల ఒక్కడూ లేకపోవడం. రెండు చోట్లా గోడ ఒకేలా ఖాళీగా ఉంటుంది. అందుకే ‘పాతకాలంలో మాత్రం రాసేవారా ఏంటి’ అనే వాదన నాకు నచ్చదు.

మధ్యయుగాల ఇంగ్లండు కూడా ఆ తాళ్ళకింద లాంటిదే. 1266-67 నాటిదని చెప్పే రొట్టె-ఏల్ చట్టం ఏల్ ధరని ధాన్యం ధరకి కట్టేసింది. (ఏల్ అంటే అప్పటి బీరే, హాప్స్ వెయ్యనిది.) క్వార్టరు బార్లీ 20 పెన్నీల నుంచి 2 షిల్లింగుల మధ్య ఉంటే పట్నంలో పెన్నీకి రెండు గ్యాలన్లు, పల్లెలో మూడు గ్యాలన్లు పొయ్యాలి. ఇందులో తమాషా ఏమిటంటే పెన్నీ కదలదు, గ్యాలన్లు కదులుతాయి. మన ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు ఐదు రూపాయలుగానే ఉండి లోపల బిస్కెట్లు తగ్గుతాయే, అలాగ. కాకపోతే అక్కడ ఎంత తగ్గాలో చట్టం చెప్పేది. కొత్తగా ఏల్ కాచినప్పుడు ఇంటి ముందు పొడవాటి కర్ర కట్టి, దాని చివర ఆకుల గుత్తి వేలాడదీసేవారు. అది చూసి ఊరు ఎంచుకున్న పరీక్షకుడు వచ్చి, రుచి చూసి, కొలత చూసి వెళ్ళేవాడు. ఈ ఏల్ కాచేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. వాళ్ళ మీద పుస్తకం రాసిన చరిత్రకారిణి జుడిత్ బెన్నెట్, చాలా ఊళ్ళలో ఈ జరిమానాలు తప్పు చేసినా చెయ్యకపోయినా ప్రతిసారీ కట్టే లైసెన్సు ఫీజులా తయారయ్యాయని అంటుంది. చట్టం అంత పవిత్రంగా ఏమీ నడవలేదన్నమాట. అయినా ఆకుల గుత్తి కింద అంకె రాయక్కర్లేదు. పెన్నీకి ఎంతో వీధికంతటికీ తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం తర్వాతి కాలానిది. అప్పుడు ధర ఏకంగా బీరుకి పేరైపోయింది. స్కాట్లండులో 19వ శతాబ్దంలో బీర్లని 60 షిల్లింగులు, 70 షిల్లింగులు, 80 షిల్లింగులు అని పిలిచేవారు. పీపాకి బిల్లులో వేసే ధర అది. ఎక్కువ షిల్లింగులంటే ఎక్కువ గాఢత. ఇప్పటికీ అక్కడ ‘80 షిల్లింగుల’ బీరు దొరుకుతుంది, షిల్లింగులు పోయి యాభై ఏళ్ళు దాటినా. లండన్ పబ్బుల్లో చవక గదిని ‘ఫోర్ ఏల్ బార్’ అనేవారు. అంటే క్వార్టు నాలుగు పెన్నీలకి ఏల్ పోసే గది. అమెరికాలోనూ మద్యనిషేధానికి ముందు సెలూన్లలో గ్లాసు బీరంటే ఐదు సెంట్ల నాణెమే, ‘నికెల్ బీర్’ అని దాని పేరు.

ఆ లండన్ పబ్బుల్లోనే ఇంకో ఏర్పాటు ఉండేది. ఒకే కప్పు కింద రెండు గదులు, వీధిలోకి రెండు తలుపులు. ఒక తలుపు అద్దం మీద ‘పబ్లిక్ బార్’, ఇంకోదాని మీద ‘సెలూన్’. ఒకే పీపాలోంచి వచ్చిన అదే బీరు, సెలూన్‌లో కొంచెం ఎక్కువ ధర. అక్కడ తివాచీ, మెత్తటి కుర్చీలు. ఇక్కడ చెక్క బెంచీలు. బట్టలకి మట్టి అంటిన కూలీ ఏ తలుపు తోస్తాడో చెప్పక్కర్లేదు. ఇది న్యాయమైన ఏర్పాటని నేననను. మనకి హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి తెలుసు కాబట్టి వేరు వేరు తలుపుల గురించి ముచ్చటగా మాట్లాడలేను. కానీ ఒక్కటి, ఏ తలుపు వెనక ఎంతవుతుందో వాడికి వీధిలో ఉండగానే తెలుసు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గోడలు కొట్టేసి గదులు కలిపేశారు. మంచిదే. కాకపోతే గోడతోపాటు అది చెప్పే సమాచారమూ పోయింది. బ్రిటన్‌లో తినే, తాగే చోట్ల ధరలు కనబడేలా రాయాలన్న ఉత్తర్వు 1979లో వచ్చింది. ఐర్లండులో 1999 ఉత్తర్వు ఇంకా వివరంగా, పదహారు రకాల పానీయాల ధరలు ద్వారం బయటో, లోపల అడుగు పెట్టగానే కనబడేచోటో పెట్టమంది. ద్వారం దగ్గర అన్న మాట ముఖ్యం. కుర్చీలో కూర్చున్నాక కాదు.

ఆ తేడా ఎందుకో చెప్పిన మనిషి పీటర్ డైమండ్ అనే ఆర్థికవేత్త. 1971లో ఆయన రాసిన చిన్న పత్రం నాలాంటి ఇంజనీరుకి పజిల్‌లా కనిపిస్తుంది. ఒక వీధిలో యాభై బార్లున్నాయి, లోపలికి వెళ్తే తప్ప ధర తెలీదు అనుకోండి. పోటీ ఉంది కదా, ధర తగ్గాలి. డైమండ్ లెక్కలో తగ్గదు. లోపలికొచ్చినవాడు బయటికెళ్ళి ఇంకో బార్ వెతకడానికి కొంత శ్రమ పడాలి. ఆ శ్రమ విలువ అర డాలరు అయితే, ఓనరు పక్కవాడికంటే అర డాలరు లోపు పెంచినా వీడు లేచి వెళ్ళడు. పక్కవాడూ అదే చేస్తాడు. అలా మెట్టు మెట్టుగా అందరూ ఒకే కొట్టు ఉన్నప్పుడు ఎంత ధర ఉండేదో అక్కడికే చేరతారు. ఇలాంటి వెతుకులాట లెక్కల మీద చేసిన పనికే ఆయనకి 2010లో నోబెల్ వచ్చింది. నా సొంత పైత్యం ఏమిటంటే, ఆ శ్రమలో నడకతోపాటు సిగ్గుని కూడా కలపాలి. నలుగురి మధ్య ధర అడిగి, విని, ‘వద్దులెండి’ అని లేచి వెళ్ళడం చలిలో రెండు మైళ్ళు నడవడం కంటే కష్టం.

ధర చూపకపోవడం మర్యాద అనే వాదన కూడా ఉంది. ఖరీదైన రెస్టరెంట్లలో అతిథికి ధరల్లేని మెనూ ఇచ్చే ఆచారం అలాంటిదే. 1980లో లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ తన వ్యాపార భాగస్వామిని ఫ్రెంచి రెస్టరెంటుకి విందుకి పిలిచింది. ధరలున్న మెనూ ఆయనకిచ్చి, ధరల్లేనిది ఆవిడకిచ్చారు. బిల్లు కట్టాల్సింది ఆవిడ. కేసు వేసింది, వాళ్ళు ఆ పద్ధతి మానుకున్నారు.

బార్లవైపు న్యాయం కూడా కొంత చెప్పాలి. పీపా పీపాకీ బీరు మారుతుంది, గాఢమైనదాన్ని చిన్న గ్లాసులో పోస్తారు, సుద్దతో రాసేవాడికి చేతినిండా పని. కానీ ఆల్కహాలు శాతాన్ని దశాంశంతో సహా రాసే చేతికి ఇంకో అంకె బరువా? ఇప్పుడు చాలా చోట్ల ఆ బోర్డు టీవీ తెర. బిల్లు కొట్టే సిస్టమ్‌లో ఉన్న ధరని ఆ తెరమీదికి తేవడం నాబోటివాడికి ఒక మధ్యాహ్నం పని.

మన దేశంలో ఈ బాధ తప్పించడానికే సీసా మీద ఎమ్మార్పీ ఉంది అనుకుంటాం. వైన్ షాపులో అది పనిచేస్తుంది, వాడు పది రూపాయలు ఎక్కువడిగితే లేబులు చూపించి గొడవపడొచ్చు. కానీ హోటళ్ళు నీళ్ళ సీసాలకి ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ అమ్ముతున్నది వట్టి సీసా కాదు, కుర్చీ, గాలి, వడ్డన కూడా అని దాని తర్కం. సెలూన్ గది తివాచీయే అది. తర్కం సరే, ఎక్కువ తీసుకోవచ్చు అంటే ముందుగా చెప్పక్కర్లేదని కాదు కదా. ఇక అక్కడే కాచి కుళాయిలోంచి పోసే బీరుకి సీసా లేదు, లేబులు లేదు, ఎమ్మార్పీ అసలే లేదు.

ఆ మధ్య హైదరాబాదులో అలాంటి చోటికే మా టీమ్ వెళ్ళింది. గోడమీద తెర, ఆరు బీర్లు, శాతాలు, ధర లేదు. కొత్తగా చేరిన ఇంటర్న్ ఒకడు తెరవైపు చాలాసేపు చూసి, ‘నాకు గొంతు బాలేదన్నా, లైమ్ సోడా చాలు’ అన్నాడు. మధ్యాహ్నం వాడే ఐస్‌క్రీమ్ తిన్నాడు. నేను వెయిటర్ని పిలిచి ఆరింటికీ ధర చెప్పమన్నాను, కొంచెం గట్టిగానే. అతను తెరవైపు తిరిగి, మళ్ళీ నావైపు తిరిగి, ‘కనుక్కుని వస్తా సార్’ అన్నాడు. అతనికీ తెలీదు. రెండు నిమిషాల తర్వాత కౌంటరు దగ్గర్నుంచి ఒక చీటీ తెచ్చాడు, బాల్‌పెన్‌తో ఆరు అంకెలు. టేబులు చుట్టూ అందరూ దానిమీదికి వంగారు, నెలకి లక్షలు తెచ్చుకునే మేనేజర్లతో సహా. ఇంటర్న్ వంతు వచ్చినప్పుడు వాడు చీటీ తీసుకుని, కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.