పాత రాచెట్టు పానాలు: ప్రవాసాంధ్రుల శ్రమచరిత్రకు ఒక ఆధారము

ప్రవాసాంధ్రుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా శాసనములను, కైఫీయతులను, దేవాలయముల దానపత్రములను ఆధారములుగా గ్రహింతురు. నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిపోయి భూములు పొందినవారికి ఇట్టి ఆధారములు కలవు. కాని పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి రైలు కర్మాగారములను, గనులను ఆశ్రయించి పరప్రాంతములకు పోయిన తెలుగువారు శాసనములు వేయించినవారు కారు. అట్టి కుటుంబములలో ఒక్కొకచోట మిగిలినది పాత ట్రంకు పెట్టె, దానిలో కొన్ని పనిముట్లు మాత్రమే. అవి యైనను తూకమునకు పాత ఇనుముగా అమ్ముడుపోవుచున్నవి. వానిలో నట్టులను బిగించుటకును, విప్పుటకును వాడెడి రాచెట్టు పానాలు, సాకెట్టులు చదువ నేర్చినవారికి లిఖితపత్రములతో సమానములు.

సాకెట్టు అనగా ఒకవైపు నట్టు తలకు సరిపోవు ఆరు పలకల లేక పండ్రెండు మూలల గుంటయు, రెండవవైపు పిడి కొస ఇముడు చతురస్రపు రంధ్రమును గల ఉక్కుతొడుగు. పిడి తలలో పండ్ల చక్రమును, దానికి ఆనియుండు నాలుకవంటి ఉక్కుముక్కయు, ఆ నాలుకను నొక్కిపట్టు స్ప్రింగును ఉన్నచో అది రాచెట్టు అగును. ఒక దిక్కునకు త్రిప్పునపుడు నాలుక పంటిని పట్టుకొనును. వెనుకకు తీయునపుడు పండ్లపై జారి టకటకమని ధ్వని చేయును. చక్రమునకు 24 పండ్లున్నచో పిడిని 15 డిగ్రీలైనను వెనుకకు తీయనిదే మరుసటి పన్ను దొరకదు. 36 పండ్లకు 10 డిగ్రీలు, 72 పండ్లకు 5 డిగ్రీలు చాలును. చేయి ఆడని ఇరుకు చోట పనిచేయువానికి ఈ భేదము చిన్నది కాదు.

ఈ సాధనమునకు అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున వుడ్‌స్టాకు గ్రామవాసి జె. జె. రిచర్డ్‌సన్ 1863లో పేటెంటు పొందెను. 1908లో ఫోర్డు సంస్థ మోడల్ టి కారును వెలువరించిన పిమ్మట దీనికి గిరాకి హెచ్చెను. 1920లో మిల్వాకీ పట్టణమున జోసెఫ్ జాన్సన్, విలియం సీడెమన్ అనువారు స్నాప్-ఆన్ సంస్థను స్థాపించి, ఐదు పిడులను, పది సాకెట్టులను ఒక జట్టుగా అమ్మిరి. ఏ సాకెట్టునైనను ఏ పిడికైనను తగిలింపవచ్చును గనుక ఆ పదునైదు ముక్కలే ఏబది పానాల పని చేసెను.

మనదేశమున పాత పనిముట్లను పరిశీలించువాడు మొదట చూడవలసినది కొలత గుర్తు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో మరల కొలతలకు ఒక క్రమమును ప్రతిపాదించెను. ఆ పద్ధతిలో పానాపై ముద్రించు అంకె బోల్టు కాడ యొక్క వ్యాసమును తెలుపును గాని నట్టు పలకల మధ్య దూరమును తెలుపదు. 1/2 అని అంకెయు, డబ్ల్యు అక్షరమును గల సాకెట్టు లోపలి వెడల్పు ఇంచుమించు 0.92 అంగుళము. పలకల మధ్య దూరమునుబట్టి అంకె వేసిన సాకెట్టుపై అదే 1/2 ఉన్నచో దాని వెడల్పు అర అంగుళమే. 1908లో వెలువడిన సన్నమర పద్ధతిలో నట్టు తల ఒక మెట్టు చిన్నది. కావుననే ఒకే పానాపై 1/2 డబ్ల్యు, 9/16 బి.ఎస్.ఎఫ్. అను రెండు గుర్తులు కనబడును. భారతదేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చెను. అటుపై మిల్లీమీటర్ల పానాలు క్రమముగా వ్యాపించినవి. ఇట్లు ఒక్క అంకెవలన ఆ పనిముట్టు ఏ దేశపు యంత్రమునకు ఉద్దేశింపబడినదో ఊహింపవచ్చును.

రెండవది యజమాని ముద్ర. ఎస్.ఐ.ఆర్. అనునది దక్షిణ భారత రైల్వేకును, ఎం.ఎస్.ఎం. అనునది మదరాసు, దక్షిణ మరాఠా రైల్వేకును సంకేతములు. ఈ రెండును 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో లీనమైనవి. కావున ఆ ముద్రలు గలవి సాధారణముగా అంతకు పూర్వపువి. దక్షిణ భారత రైల్వే తన కర్మాగారమును నాగపట్టణమునుండి తిరుచిరాపల్లి చెంతగల గోల్డెన్ రాకునకు 1928లో తరలించెను. బి.ఎన్.ఆర్. అనునది బెంగాల్ నాగపూర్ రైల్వే. వాల్తేరు మార్గమున ఉద్యోగములు పొంది ఖరగ్‌పూరు, ఖుర్దా రోడ్డు కూడళ్ల యందు స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ మూడక్షరములు చిరపరిచితములు. కోలారు బంగారు గనులను 1880నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నడపెను. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. చిత్తూరు సీమ తెలుగువారును, ఆర్కాటు తమిళులును అచ్చట ప్రక్కప్రక్కన పనిచేసిరి. సంస్థ ముద్రకు తోడు పనివాడు ఆకురాయితో గీచుకొన్న పొడి అక్షరములో, టోకెను సంఖ్యయో ఉన్నచో దాని విలువ ద్విగుణమగును. సంస్థల చరిత్రలలో పేరు లేని మనుష్యుని చేవ్రాలు అదియే.

మూడవది పైపూత. పూర్వపు సాధనములకు నికెల్ పూత ఉండెడిది. 1930 తరువాత క్రోమియం పూత హెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ లోహములు యుద్ధావసరములకు కేటాయింపబడుటచే పలు పనిముట్లు పూత లేకయో, నల్లపూతతోనో వెలువడినవి. బాణపు ములికి గుర్తు బ్రిటిషు ప్రభుత్వపు సొత్తును తెలుపును. పిడి వెనుకనున్న మీటను నొక్కగా సాకెట్టు ఊడివచ్చు ఒక ఏర్పాటునకు పీటర్ రాబర్ట్సు 1965లో పేటెంటు పొందెను. అట్టి మీట గల పిడులు సాధారణముగా ఆ తరువాతివి.

ఇక సంరక్షణ విషయము. త్రుప్పు పట్టిన పనిముట్టును చేత పట్టినంతనే గరుకు కాగితముతో తోముట చరిత్రను చెరపుటయే. మొదట ఛాయాచిత్రము తీసి, అక్షరములను కాగితముపై వ్రాసికొనవలెను. పిదప కొన్ని దినములు కిరసనాయిలులో నానబెట్టి మెత్తని ఇత్తడి కుంచెతో తోమవలెను. రాచెట్టు తలను విప్పునపుడు స్ప్రింగు ఎగిరిపోకుండ గుడ్డ కప్పవలెను. విప్పిన ముక్కలను విప్పిన వరుసలోనే పెట్టవలెను. త్రుప్పు దట్టమైనచో చాకలిసోడా కలిపిన నీటిలో పనిముట్టును బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకును, మామూలు ఇనుపరేకును ధనధ్రువమునకును తగిలించి అల్పవిద్యుత్తును పంపుట మేలు. ఇది గాలి ఆడు చోట చేయవలెను. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడినచో విషపూరితమైన క్రోమియం లవణములు పుట్టును. కావున అది కూడదు. కాడ్మియం పూతను రాచినచో లేచు ధూళియు విషమే. శుభ్రపరచిన పిమ్మట లోపల పలుచని నూనె వేయవలెను. చిక్కని గ్రీజు పెట్టినచో నాలుక అంటుకొని పండ్లను పట్టదు. క్రొత్త స్ప్రింగు వేసినచో ఆ సంగతి వ్రాసియుంచవలెను. క్రొత్త పూత వేయించి మెరిపించుట సంరక్షణ కాదు, వేషము మార్చుట.

సేకరించువారు మరియొక ధర్మమును పాటింపవలెను. సంస్థ ముద్ర గల వస్తువు వేలములో కొన్నదో, పెన్షను పొందిన పనివాని ఇంటినుండి వచ్చినదో, అంగడిలో దొరికినదో విచారించి వ్రాయవలెను. ఎక్కడిదో తెలియని పానా ఇనుపముక్క మాత్రమే. ఫలాని ఊరి ఫలాని షాపులో ఫలాని పని చేసిన చేతిది అని తెలిసినచో అదే చరిత్ర. ఆ పనిముట్టును ఆ ఇంటివారు ఏ పేరున పిలిచెడివారో కూడ గుర్తింపవలెను. పానా యను మాటతో పాటు తమిళ, కన్నడ, ఒడియా, హిందీ పదములెన్ని ఆ ఇండ్ల తెలుగులో కలిసినవో అప్పుడు తేలును.

ఈ పని ధనికుల వినోదమని తలపనక్కరలేదు. ప్రతి పట్టణములోని తెలుగు సంఘము ఒక బీరువాను, ఒక పుస్తకమును ఏర్పరచి, సభ్యుల ఇండ్లలోని పెట్టెలను తెరపించినచో చాలును. వస్తువు ఇంటివారియొద్దనే ఉండవచ్చును. వివరము మాత్రము పుస్తకమునకు ఎక్కవలెను. ఆ పనిముట్లను వాడినవారి సంతానములో వృద్ధులు ఇంకను ఉన్నారు. ఈ ముద్ర ఎవరిది అని అడిగినచో చెప్పగలవారు వారే. పెట్టె పాత ఇనుప దుకాణమునకు పోయిన పిదప ఆ ప్రశ్న అడుగుటకు వస్తువుండదు. మరికొంత కాలమునకు చెప్పువారును ఉండరు.