రిజిస్ట్రీ కథ

1992లో వెలువడిన విండోస్ 3.1లో కంప్యూటరు అమరికలు ఎక్కువగా ‘విన్.ఇని’, ‘సిస్టమ్.ఇని’ అను సాధారణమైన ఫైళ్ళలో ఉండెడివి. ప్రతి ప్రోగ్రామును తనకొక ఫైలు చేర్చుకొనగా గందరగోళము పెరిగినది. అందుచే 1995లో విండోస్ 95 వీనిలో చాలభాగమును ‘రిజిస్ట్రీ’ అను ఒకే భాండారమునకు చేర్చినది.

దానిని దిద్దు ‘రెజ్‌ఎడిట్’ యంత్రములోనే యున్నను, స్టార్ట్ మెనూలో అప్పట్లో కానరాకుండెడిది; ‘రన్’ గడిలో ఆ పేరు టైపు చేయవలసియుండెడిది. ఈ దాపరికము అకారణము కాదు. అందు చేసిన మార్పు తక్షణమే నమోదగును. దానిని రద్దుచేయు ఆజ్ఞ లేదు. ఒక్క విలువ తప్పినను కంప్యూటరు మరల ప్రారంభము కాకపోవచ్చును.

అయితే పేరు తెలిసిన పిల్లవానికిని ఆ తలుపు తెరచుకొనెడిది! దాచినంతమాత్రమున కాపలా పెట్టినట్లా? 2007లో ప్రజలకందిన విండోస్ విస్టాలో, నిర్వాహకుడే తెరువబోయినను యంత్రము ముందుగా అనుమతి నడుగసాగినది.