ఆకాశంలో వాళ్ళు, నేల మీద మనవాళ్ళు

2017 సెప్టెంబరు 16న మార్షల్ అర్జన్ సింగ్ 98 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2018 ఏప్రిల్ 30న, హైదరాబాదులో ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ వెళ్ళిపోయారు. 2024 ఏప్రిల్‌లో దలీప్ సింగ్ మజీఠియా 103 ఏళ్ళకి కన్నుమూశారు. 2025 మార్చి 17న, 1940 నాటి బాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడిన పైలట్లలో ఆఖరివాడు జాన్ హెమింగ్‌వే 105 ఏళ్ళ వయసులో పోయారు. ప్రతిసారీ పత్రికల్లో దాదాపు ఒకే మాట: ఒక తరం ముగిసింది.

ముగిసిన మాట నిజమే. అయితే ఆ తరంలో ఎవరెవరిని లెక్కవేస్తున్నాం?

మన హైదరాబాదు వాడైన లతీఫ్ సంగతే చూద్దాం. 1923 జూన్ 9న పుట్టారు. 1942లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే, వైమానిక దళంలో ఆఫీసరయ్యారు. పాతకాలపు రెండు రెక్కల విమానాలతో మొదలుపెట్టి, బ్రిటన్ వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ నడపడం నేర్చుకుని, తిరిగొచ్చి బర్మా రంగంలో పనిచేశారు. దేశ విభజన నాడు ముస్లిం ఆఫీసర్లకు పాకిస్తాన్‌ని ఎంచుకునే వీలుండగా ఈ దేశంలోనే ఉండిపోయారు. 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళాధిపతి. గుర్తుపెట్టుకోవలసిన జీవితమే, అందులో సందేహం లేదు. నా ప్రశ్న ఆయన గురించి కాదు, ఆయనకి తెరుచుకున్న తలుపు గురించి.

అదే యుద్ధం ఇంకొకరి మొహం మీద తలుపు మూసింది. సరళా ఠక్రాల్ 1936లో లాహోరులో, 21 ఏళ్ళకి, చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపి లైసెన్సు తెచ్చుకున్నారు. అప్పటికే ఒక బిడ్డ తల్లి. వెయ్యి గంటలు ఆకాశంలో గడిపిన మనిషి. 1939లో పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆ దుఃఖంలోనే కమర్షియల్ లైసెన్సు కోసం శిక్షణకు పూనుకుంటే యుద్ధం వచ్చి పౌర శిక్షణ ఆగిపోయింది. మీసాలు రాని కుర్రవాళ్ళని పిలిచి పిలిచి విమానాలెక్కిస్తున్న కాలంలోనే, ఎగరడం వచ్చిన స్త్రీని దింపేశారు. ఆమె లాహోరులో చిత్రకళ నేర్చుకున్నారు. విభజన తర్వాత ఢిల్లీలో నగలూ బట్టలూ డిజైన్ చేస్తూ బతికారు. 2008లో చనిపోయారు.

ఆడవాళ్ళు యుద్ధ విమానాలు నడపలేరని ఆనాడు ఎవరైనా అని ఉంటే అది అప్పటికే అబద్ధం. సోవియట్ దేశంలో మరీనా రస్కోవా 1941లో స్త్రీల కోసం మూడు వైమానిక రెజిమెంట్లు ఏర్పాటు చేయించింది. వాటిలో 586వది ఫైటర్ రెజిమెంటు. అందులోంచి వచ్చిన లిడియా లిత్వ్యాక్ స్తాలిన్‌గ్రాడ్ ఆకాశంలో పోరాడి, 1943 ఆగస్టు 1న, 21 ఏళ్ళకి, తిరిగిరాలేదు. శవం దొరకలేదు కాబట్టి శత్రువుకి చిక్కి ఉంటుందేమోనన్న అనుమానం వెంటాడింది. 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు 1990లో గానీ రాలేదు. బ్రిటన్‌లో 168 మంది స్త్రీలు స్పిట్‌ఫైర్లతో సహా దాదాపు అన్ని రకాల విమానాలనూ ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు చేర్చారు. వాళ్ళకి మగవాళ్ళతో సమానంగా జీతం 1943లో వచ్చింది. అమెరికాలో అదే పని చేసిన వెయ్యిమంది పైచిలుకు స్త్రీలను 1977 దాకా మాజీ సైనికులుగానే ఒప్పుకోలేదు.

మన దగ్గర స్వాతంత్ర్యం తర్వాత ప్రేమ్ మాథుర్‌ని ఆడదన్న కారణంతో ఎన్నో విమాన కంపెనీలు కాదన్నాయి. పైలట్‌గా తీసుకున్నది హైదరాబాదు వారి డెక్కన్ ఎయిర్‌వేస్. అది పౌర విమానాల మాట. వైమానిక దళం ఫైటర్ విమానాల్లోకి స్త్రీలు రావడానికి 2016 జూన్ పట్టింది. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. లతీఫ్ ఆఫీసరైన 1942 నుంచి లెక్కపెడితే 74 ఏళ్ళు.

ఇదంతా ఎగిరినవాళ్ళ కథ, ఎగరాలనుకున్నవాళ్ళ కథ. అసలు ఎగిరే ఆలోచనే లేని వాళ్ళ మాటేమిటి? మాది వేమూరు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో, కృష్ణా పశ్చిమ డెల్టా వరిచేల మధ్య ఉంటుంది. ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా. ఫైటర్ పైలట్లకీ మా ఊరికీ సంబంధమేమిటని నవ్వుకోవచ్చు. బ్రిటిష్ వైమానిక దళంలో 234, 264 నంబరు స్క్వాడ్రన్లకు 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అని పేరుండేది. 152వ దానికి 'హైదరాబాద్' అని పేరు. ఇక్కడి నుంచి వెళ్ళిన యుద్ధ విరాళాలకు గుర్తుగా పెట్టిన పేర్లవి. విరాళమిచ్చిన ప్రెసిడెన్సీలో గుంటూరు జిల్లా ఉంది, ఆ జిల్లాలో పండిన పంట ఉంది, ఆ పంటలో నాటిన చేతులున్నాయి. వంగి వరి నాటిన ఆడకూలీల పేరు మాత్రం ఏ విమానం మీదా రాయలేదు.

ఆ 1942 మా వైపు ఎలా గడిచిందో ఒకసారి తలుచుకుందాం. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. తెనాలి రణరంగ చౌక్‌లో వాళ్ళ విగ్రహాలున్నాయి. పైలట్లు ఎవరి జెండా కింద ఎగురుతున్నారో, తెనాలిలో తుపాకులు పేలింది ఆ జెండా కిందే. ఒకే ఏడాది, ఒకే సర్కారు. వీర గాథ రాసేటప్పుడు ఈ ఇరుకుని దాటేసి పోకూడదు.

బర్మా బియ్యం ఆగిపోయింది. కంట్రోళ్ళు వచ్చాయి. బియ్యానికి, కిరసనాయిలుకి, గుడ్డకి. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు యుద్ధం అనరు, 'కంట్రోలు రోజులు' అంటారు. ఇంట్లో ఎంతమందికి ఎన్ని గింజలు, ఎవరికి ముందు వడ్డించాలి, ఎవరు గంజి తాగి పడుకోవాలి అని లెక్కలు కట్టిన వాళ్ళు వాళ్ళే. ఆ లెక్కకి లాగ్‌బుక్ లేదు. పైలట్ ఎన్ని గంటలు ఎగిరాడో నిమిషాలతో సహా రాసిపెట్టే ఏర్పాటుంది. ఒక ఇల్లాలు ఎన్ని పూటలు పస్తుందో రాసిపెట్టే ఏర్పాటు ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఇంకొక దారి ఉంది. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన వేలాది తెలుగు కుటుంబాలు ఆ ఏడు బర్మా విడిచి నడిచాయి. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు తరలివచ్చారని అంచనా. వాళ్ళలో వేలమంది దారిలోనే ఆకలితో, కలరాతో, మలేరియాతో పోయారు. ఒక దారి ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ మీదుగా అరకాన్‌లోకి దిగేది. తర్వాతి ఏళ్ళలో భారత వైమానిక దళపు హరికేన్లు యుద్ధం చేసింది ఆ అరకాన్ ఆకాశంలోనే. పైనుంచి చూసినవాళ్ళకి అది అడవి. కింద నడిచినవాళ్ళకి అది చంకలో బిడ్డ, నెత్తి మీద మూట, వెనక వదిలేసి వచ్చిన మనిషి.

లతీఫ్ భార్య బిల్కీస్ రచయిత్రి. ఆమె తల్లి అలీస్ ఇఫ్రిగ్ ఫ్రెంచి వనిత, పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చింది. ఆ తల్లి జీవితాన్ని బిల్కీస్ పుస్తకంగా రాశారు. ఆంధ్ర వంటల మీద రాశారు. బొంబాయి ధారవిలో స్త్రీలతో కలిసి పనిచేశారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. భర్త కంటే కొద్ది నెలల ముందు, 2017 అక్టోబరులో పోయారు. ఆయన జ్ఞాపకాన్ని కాపాడడానికి దళం ఉంది, స్క్వాడ్రన్ చరిత్రలున్నాయి, మ్యూజియంలున్నాయి. ఆమె తల్లి జ్ఞాపకాన్ని కాపాడింది మాత్రం కూతురి కలం. తల్లి గురించి రాసే కూతురు అందరికీ ఉండదు కదా!

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్ళకపోయి ఉంటే, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చేది కాదు. ఆ గొంతులు వాళ్ళతోనే పోయేవి. ఆఖరి పైలట్ల దగ్గరికి కెమెరాలు వెళ్ళాయి, మంచిదే. కంట్రోలు రోజులు చూసిన ఆడవాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్ళారు? 1942లో పదేళ్ళ పిల్లకి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. వేమూరులోనో, రేపల్లెలోనో, బర్మా కాందిశీకులు స్థిరపడిన విశాఖ పేటల్లోనో, వసారాలో మంచం మీద ఇంకా కొందరున్నారు. వాళ్ళలో ఆఖరామె పోయిన రోజున ఏ పత్రికా ఒక తరం ముగిసిందని రాయదు. కనీసం మనకైనా తెలియాలంటే ఈ వేసవి సెలవుల్లోనే వెళ్ళి అడగాలి: ఆ ఏడు మీ ఇంట్లో ఏం వండారు? ఎవరు తినలేదు?