మాజీ సైనికుల వైకల్య పింఛను - మానసిక వ్యాధులు

సైనిక సేవ వలన కలిగిన, లేదా సేవ వలన ముదిరిన వ్యాధి కారణంగా ఉద్యోగం నుండి విడుదలైన సైనికునికి భారత ప్రభుత్వం చెల్లించే భృతిని వైకల్య పింఛను అంటారు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. కుంగుబాటు, స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు కూడా ఇది వర్తిస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం ఇంటింటా సైనికులున్న గ్రామంగా ప్రసిద్ధి చెందినది. ఇటువంటి గ్రామాలకు ఈ విషయం ముఖ్యమైనది.

వివాదం

తూటా గాయానికి మచ్చ సాక్ష్యం. మనోవ్యాధికి అటువంటి గుర్తు ఉండదు. అందుచేత వ్యాధికి సేవతో సంబంధం లేదని వైద్య మండలి నిర్ణయించినపుడు పింఛను నిరాకరింపబడుతుంది.

అప్పీలు

బాధితుడు మొదట శాఖాపరంగా రెండు అంచెలలో అప్పీలు చేసుకోవచ్చును. ఆపైన 2007 చట్టం ప్రకారం ఏర్పడిన సైనిక దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ దాని చెన్నై ధర్మాసనం పరిధిలో ఉన్నది.

ముఖ్య తీర్పులు

* 2013, ధరంవీర్ సింగ్ కేసు: చేరేటపుడు నమోదు కాని వ్యాధి సేవలోనే కలిగినదని భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని సుప్రీం కోర్టు పేర్కొన్నది. ఇది మూర్ఛవ్యాధికి సంబంధించినది.
* 2019, నర్సింగ్ యాదవ్ కేసు: కొన్ని మానసిక వ్యాధులు నియామక పరీక్షలో బయటపడవని చెబుతూ, స్కిజోఫ్రీనియా బాధితునికి పింఛను నిరాకరించినది.
* 2025, రాజుమోన్ కేసు: వైద్య మండలి తగిన కారణాలు చూపనందున స్కిజోఫ్రీనియా పేరిట విడుదలైన సైనికునికి పింఛను మంజూరు చేసినది.

2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నియమాలు అమలులోకి వచ్చినవి. కనుక విడుదలైన తేదీని బట్టి వర్తించే నియమాలు మారుతాయి. సేవాకాలపు చికిత్స కాగితాలు, వైద్య మండలి నివేదిక ప్రతి అప్పీలుకు ఆధారాలు.