కాంప్టోథెసిన్: రక్తంలో కొలిచినది దేనిని?

మొక్కల నుండి లభించిన క్యాన్సర్ ఔషధాల చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల కథగా చెబుతారు. కాంప్టోథెసిన్ విషయంలో ఆ పద్ధతి చాలదు. రోగి శరీరంలో ఆ మందు ఏ రూపంలో ఉన్నదో కొలవగలిగేవరకు దాని వైఫల్యానికి కారణం పూర్తిగా బోధపడలేదని ఈ వ్యాసం ప్రతిపాదన.

1966లో అమెరికాలోని రిసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీల బృందం 'కాంప్టోథెకా అక్యుమినాటా' అనే చైనా చెట్టు నుండి ఈ ఆల్కలాయిడును వేరుచేసి, దాని అణునిర్మాణాన్ని ప్రకటించింది. చిట్టెలుకల ల్యుకేమియాపై అది బలంగా పనిచేసింది. అయితే అది నీటిలో దాదాపు కరగదు. రోగి సిరలోకి ఎక్కించడానికి వీలుగా దానిని సోడియం లవణంగా మార్చారు. ఈ మార్పులో అణువు చివరనున్న ల్యాక్టోన్ వలయం తెరుచుకొని కార్బాక్సిలేట్ రూపం ఏర్పడుతుంది. ఆనాటి అవసరాన్ని బట్టి చూస్తే అది సహజమైన నిర్ణయమే.

1970లో వెలువడిన తొలి పరీక్షల ఫలితాలు కొంత ఆశ కల్పించాయి. 1972లో ప్రకటితమైన మరొక పరీక్షలో, జీర్ణకోశ క్యాన్సర్ గల 61 మంది రోగులలో కేవలం ఇద్దరికి పాక్షిక ఉపశమనం కలిగింది. రక్తకణాల క్షీణత, తీవ్రమైన విరేచనాలు, మూత్రాశయం నుండి రక్తస్రావం కనిపించాయి. పరీక్షలు నిలిచిపోయాయి. అదే 1972లో టి.ఆర్. గోవిందాచారి, ఎన్. విశ్వనాథన్ మన పశ్చిమ కనుమలలో పెరిగే 'మాపియా ఫోయిటిడా'లో ఇదే ఆల్కలాయిడు ఉన్నదని వెల్లడించారు. మందుగా ఎవరికీ అక్కరలేని సమయంలో దానికి కొత్త వనరు దొరికిందన్నమాట. తరువాతి కాలంలో గిరాకీ పెరిగినప్పుడు ఆ చెట్లు విచక్షణ లేకుండా నరుకుడుకు గురయ్యాయి.

కాంప్టోథెసిన్‌కు అతినీలలోహిత కాంతిలో మెరిసే గుణం, అంటే ప్రతిదీప్తి, ఉన్నది. అందువల్ల రక్తంలో అతిస్వల్ప పరిమాణాన్నైనా గుర్తించడం సులభం. చిక్కు కూడా అక్కడే ఉన్నది. వలయం మూసి ఉన్నా, తెరిచి ఉన్నా అణువు మెరుస్తుంది. వెలుగును మాత్రమే కొలిచిన పద్ధతికి దక్కినది రెండు రూపాల మొత్తం. క్యాన్సర్‌పై పనిచేసేది ప్రధానంగా ల్యాక్టోన్ రూపం. కార్బాక్సిలేట్ మూత్రం ద్వారా విసర్జితమవుతుంది. ఆమ్లగుణం గల మూత్రంలో అది తిరిగి ల్యాక్టోన్‌గా మారి మూత్రాశయాన్ని గాయపరిచిందని వివరిస్తారు.

రెండు రూపాలను విడదీయడానికి అధికసామర్థ్య ద్రవ క్రొమటోగ్రఫీ అక్కరకు వచ్చింది. అదైనా అంత తేలిక కాదు. రక్తనమూనా ఆలస్యంగా బల్లపై ఉంటే పరీక్షనాళికలోనే వలయం తెరుచుకుంటుంది. కనుక వెంటనే ప్లాస్మాను వేరుచేసి, చల్లని మిథనాల్‌తో ప్రోటీన్లను తొలగించాలి. ఈ జాగ్రత్త లేని అంకె రోగి శరీరాన్ని గాక నమూనా నిరీక్షించిన కాలాన్ని చెబుతుంది.

1990లలో థామస్ బర్క్, జిహౌ మీ చేసిన పరిశోధనలు మరొక ముడిని విప్పాయి. మానవ రక్తంలోని ఆల్బుమిన్ కార్బాక్సిలేట్ రూపాన్ని గట్టిగా పట్టుకొని సమతౌల్యాన్ని అటువైపే మళ్లిస్తుంది. చిట్టెలుక ఆల్బుమిన్‌కు ఆ పట్టు అంతగా లేదు. జంతువులలో మెప్పించిన మందు మనిషిలో ఎందుకు తడబడిందో చెప్పే కారణాలలో ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ఈలోగా, 1985లో, ఈ మందు టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమును అడ్డుకుంటుందని తెలియడంతో ఆసక్తి మళ్లీ పుంజుకున్నది. పునరాగమన కీర్తి ఎక్కువగా ఆ ఆవిష్కరణకే దక్కింది, అది న్యాయమే. జపాన్‌లో రూపొంది, అమెరికాలో 1996లో అనుమతి పొందిన ఇరినోటెకాన్ నీటిలో కరుగుతుంది. కాని అది స్వయంగా బలమైన మందు కాదు. శరీరంలోని కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైములు దానిని ఎస్‌ఎన్-38గా మార్చాలి. కాలేయంలోని యూజీటీ1ఏ1 ఎంజైము దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి నిర్వీర్యం చేస్తుంది. పేగులోని బాక్టీరియా ఆ జోడింపును తెంచి మళ్లీ విషాన్ని విడుదల చేయగలవు. యూజీటీ1ఏ1 పుట్టుకతోనే మందకొడిగా ఉన్నవారిలో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జన్యుభేదాన్ని మందు వివరపత్రంలో చేర్పించింది. ఇరినోటెకాన్ ఎక్కించుకున్న రోగి రక్తాన్ని సమగ్రంగా పరీక్షించాలంటే మూలఔషధం, ఎస్‌ఎన్-38, దాని గ్లూకురోనైడ్ విడివిడిగా లెక్కకు రావాలి. మొదటి రెండింటిలో తెరిచిన వలయాన్నీ, మూసిన వలయాన్నీ మళ్లీ వేరుగా చూడాలి.